చాయ్ తాగొచ్చేదాకా

చాయ్ కప్పు పెదవుల దాకా తెచ్చేసరికి కళ్లద్దాలు మసకబారాయి. బయట పంజాగుట్ట సందులో వాన సన్నగా పడుతోంది. లోపల, కాగి కాగి చిక్కబడిన పాల వాసన, అప్పుడే తెచ్చిన ఉస్మానియా బిస్కెట్ల వెన్న వాసన ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అద్దాలు తీసి తుడుచుకోవచ్చు. కానీ తుడుచుకోను. ఆవిరి దానంతట అది తగ్గి, ఎదుటి గోడ మీది పాత గడియారం మళ్లీ స్పష్టమయ్యే వరకు ఆగుతాను. ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే, సోమాజిగూడలోని ఒక ఆసుపత్రిలో, నేను ఇందాకే బాగుచేసిన వార్మర్ ఒకటి నడుస్తోంది. పుట్టగానే ఒంట్లో వేడి నిలుపుకోలేని పసికందులను వెచ్చగా ఉంచే మంచం అది. పైన హీటరు, కింద చిన్న పరుపు, బిడ్డ ఒంటికి అతికించే సెన్సరు. ఇప్పుడు దానిలో బిడ్డ లేదు. చాయ్ అయ్యాక వెళ్లి చూస్తాను. అంతవరకు దాని గురించి ఆలోచించకూడదు. ఈ నియమం నేను పెట్టుకున్నది కాదు. సుగుణ మేడం నాకు అప్పగించింది.

ఇంజినీరింగ్ పూర్తిచేసి తెనాలి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో మంచం సంపాదించుకుని, ఆసుపత్రి యంత్రాలు మరమ్మతు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్లే దారిలో, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మధ్య మెట్లు వెతుక్కుంటూ ఎక్కితే మా వర్క్‌షాప్ వచ్చేది. అక్కడ సర్వీసు విభాగానికి అధిపతి సుగుణ మేడం. మాసబ్ ట్యాంక్ దగ్గర ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన రోజుల్లో తరగతి మొత్తానికి తానొక్కతే ఆడపిల్ల అట. నేను చేరేనాటికి యాభై దాటింది. నేత చీర కొంగు నడుముకు దోపితే యంత్రం మూత తెరవబోతున్నట్లు, కొంగు విడిస్తే పని ముగిసినట్లు మాకు గుర్తు. మాట మెదక్ వైపుది. ఎవరి కోసమూ ఆ మాటను మార్చుకునేది కాదు. పెద్ద డాక్టర్లతోనూ, లిఫ్ట్ నడిపే మనిషితోనూ ఒకే తెలుగు మాట్లాడేది.

నేను మొదట బాగుచేసింది ఒక సిరంజి పంపును. రోగి నరంలోకి మందును నెమ్మదిగా, కొలిచినట్లు పంపే యంత్రం. అరిగిపోయిన గేరు మార్చి, నడిపి చూసి, "రెడీ అండీ" అన్నాను. నా గొంతులో గర్వం ఉండే ఉంటుంది. మేడం పంపు గొట్టాన్ని ఒక కొలత గ్లాసులో పెట్టి, మళ్లీ ఆన్ చేసి, కొంగు విడిచి, హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది.

"పా, చాయ్ తాగొద్దాం."

ఇచ్చేసి వెళ్దామా, వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు అన్నాను.

"చాయ్ తాగొచ్చేదాకా మెషిన్ మనదే. వచ్చినంక వాళ్లది" అని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

ఆ రోజు తీసుకొచ్చింది ఈ హోటల్‌కే. ఊరు కొత్త కావడంతో టీ దుకాణాన్ని హోటల్ అంటారన్న సంగతి కూడా నాకు తెలియదు. పాలరాతి పలకలు పరిచిన బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, నల్లమచ్చలు పడ్డ నిలువుటద్దం, బల్లల చుట్టూ మగవాళ్లే. నేను సహజంగానే గోడవారన ఉన్న మూల బల్ల వైపు నడిచాను. మేడం మాత్రం నడిమధ్య, ఫ్యాను కింద ఉన్న బల్ల దగ్గర కుర్చీ లాగింది. "మూలకు కూసుంటే చాయ్ మూలకే వస్తది, చల్లారినంక" అంది, ఎవరూ వినకూడదన్న జాగ్రత్త లేకుండా. పక్క బల్ల దగ్గరి పెద్దమనిషి నవ్వి, తన కుర్చీని కాస్త జరుపుకున్నాడు. ఆ తర్వాత ఏ హోటల్‌లోనూ నేను మూల వెతుక్కోలేదు.

కౌంటర్ దగ్గర ఈ హోటల్ యజమాని యూసుఫ్ భాయ్. మేడంను చూడగానే అడిగాడు: "మేడం, ఇయ్యాల ఎవరికి పానం పోసిన్రు?"

"ఇంకా పొయ్యలే భాయ్. చాయ్ తాగినంక చెప్త."

పానం అంటే ప్రాణం. వాళ్లిద్దరి మధ్య ఈ ప్రశ్న, ఈ జవాబు ఏళ్లుగా నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. మేడం రెండు పౌనాలు చెప్పింది. పౌనా అంటే ముప్పావు. డికాక్షన్ తగ్గించి, చిక్కటి పాలు ఎక్కువ పోసి ఇచ్చే చాయ్‌కి ఇక్కడ ఆ పేరు. చాయ్ రాగానే నేను పంపు గేరు సంగతి ఎత్తాను. మేడం సాసరులో చాయ్ ఒంపుకుంటూనే తల అడ్డంగా ఊపింది. మెషిన్ ముచ్చట ఈడ తీయొద్దు అంది. తర్వాత తానే అడిగింది.

"మీ హాస్టల్ల సాంబార్ల పప్పు కనిపిస్తదా?"

"కనిపించదండీ. ఉందని నమ్ముతాం."

చాయ్ సాసరులోంచి ఒలికేంతగా నవ్వింది. తిరిగి వెళ్లాక గ్లాసులో చేరిన నీటిని కంటి ఎత్తుకు తెచ్చి, రావలసినంతే వచ్చిందని నాకు చూపించి, అప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసింది.

ఇలా ప్రతి యంత్రానికీ ఒక చాయ్. ఆసుపత్రిలోనే మరమ్మతు చేసినా సరే, నడుస్తున్న యంత్రాన్ని అక్కడే వదిలి, దగ్గర్లో దొరికిన హోటల్‌కు. సోమాజిగూడలో అయితే మళ్లీ యూసుఫ్ భాయ్ దగ్గరికే. మా కంపెనీ యజమానికి ఇది నచ్చేది కాదు. మీ సెక్షన్‌లో స్క్రూడ్రైవర్ల కన్నా చాయ్ కప్పులే ఎక్కువ తిరుగుతున్నాయి మేడం అని ఒకరోజు అందరి ముందూ అన్నాడు. మేడం కోపం తెచ్చుకోలేదు. "ఇచ్చిన మెషిన్ ఒక్కటి సుత తిరిగొస్తలేదు గద సార్. చాయ్ సస్తాలనే పడ్తుంది" అంది. చాయే చవకని ఆయనకూ లెక్క తేలినట్లుంది.

కారణం లేని అలవాటును ఒప్పుకోవడం నాకు చేతకాదు. అందుకని దానికి శాస్త్రం వెతికాను. వెతకడం కష్టం కాలేదు. చల్లగా ఉన్న యంత్రం ఒక తీరుగా, వేడెక్కిన యంత్రం మరో తీరుగా ప్రవర్తిస్తుంది. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని ఉన్న సన్నని పగులు వేడెక్కాక విడిపోతుంది. కాబట్టి కొంతసేపు నడవనిచ్చి మళ్లీ చూడటం సబబే. అర్థం కానిది మిగతా సగం. ఆ కాసేపూ యంత్రం పక్కనే కూర్చుని రీడింగులు చూడొచ్చు కదా? లేచి వెళ్లడం దేనికి? పైగా అక్కడ యంత్రం మాట ఎత్తకూడదని నిషేధం దేనికి? ఒక సాయంత్రం ఇదే బల్ల దగ్గర ధైర్యం చేసి అడిగాను. నిషేధాన్ని ఉల్లంఘించకుండా ఈ ప్రశ్న అడగలేనని ముందే క్షమాపణ చెప్పుకుని మరీ అడిగాను.

మేడం కప్పును సాసరులో తిప్పింది. "ఆడనే కూసొని చూస్తే, అది మంచిగైందనే చూస్తవ్. అట్ల కావాలని నీ మనసుల ఉంటది గద. లేచి పోయి, వేరే ముచ్చట వెట్టి రా. అప్పుడు దాన్ని చూస్తవ్."

నాకది కొలవడానికి వీల్లేని మాటగా తోచింది. గౌరవం కొద్దీ తల ఊపాను. అర్థం కావడానికి ఒక మధ్యాహ్నం కావలసి వచ్చింది.

ఆ వారం మేడంకు కంటిలో శుక్లం తీశారు. కంటికి కట్టుతో బోరబండలోని ఇంట్లో ఉంది. ఇల్లు కదలొద్దని, ఫోను కూడా చూడొద్దని డాక్టరు ఆజ్ఞ. అప్పుడే సోమాజిగూడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. పసిపిల్లల వార్డులో ఒక వార్మర్ రీడింగు ఉన్నట్టుండి ఎగిరి పడుతోంది. మిగిలినవాటిలో ఖాళీగా ఉన్నది ఒక్కటే. ఆపరేషన్ థియేటర్‌లో నెలలు నిండని కవలల కాన్పు జరగబోతోంది. అంటే ఒక బిడ్డకు చోటుంది, రెండో బిడ్డకు నేను బాగుచేయాలి. నేనొక్కదాన్నే వెళ్లాను.

వార్డు పక్కగదిలో వార్మర్‌ను పరీక్షించాను. సెన్సరు తీగ లోపల తెగి ఉంది. వంచితే ఒక అంకె, నిటారుగా పడితే మరో అంకె. లోపం అంత స్పష్టంగా దొరకడం అదృష్టం అనుకున్నాను. కొత్త సెన్సరు పెట్టాను. బిడ్డకు బదులు పరుపు మీద ఒక సెలైన్ సంచిని పడుకోబెట్టి, దానికి వార్మర్ సెన్సరును, పక్కనే మా సొంత థర్మామీటరును అతికించాను. వేడి మెల్లగా పెరిగి, పెట్టిన అంకె దగ్గర ఆగింది. రెండూ ఒకే సంఖ్య చూపించాయి. తీగను వంచి చూశాను, కదిలించి చూశాను. అంకె చెదరలేదు.

ఆ వార్డు వ్యవహారాలు చూసే మేనేజరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మా వైపు మనిషేనని మాట తీరుతో తెలిసిపోయింది. బాగైందా అని అడిగితే అయినట్లే ఉందని, నడవనిచ్చి మళ్లీ చూడాలని చెప్పాను. ఎంతసేపని అడిగాడు. ఒక చాయ్ తాగి వచ్చేంతసేపు అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మేడం నోట వినీ వినీ ఆ మాట వచ్చేసింది.

"ఏంటమ్మా, అక్కడ పసిబిడ్డకి వెచ్చదనం లేక మేం చస్తుంటే, మీరు వేడివేడిగా టీ తాగడానికి వెళ్తారా? బానే ఉంది చదువు."

అంతలో పిల్లల డాక్టరమ్మ వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. మొదటి పాపను ఖాళీ వార్మర్‌లో ఉంచారు. రెండో పాపను ప్రస్తుతానికి తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టారు. పాప ఊపిరి నిలకడగానే ఉంది. కానీ తల్లికి ఆపరేషన్ అయింది, మత్తు దిగి నొప్పులు మొదలైతే ఎక్కువసేపు అలా ఉంచలేమని చెప్పి, నా వైపు తిరిగి, ఇది వాడుకోవచ్చా అని అడిగింది.

నేను డిస్‌ప్లే వైపు చూశాను. అంకె కదలకుండా ఉంది. అవును అనడానికి నా నోరు సిద్ధంగా ఉంది. అలా అనాలని ఆ గదిలో అందరికన్నా నాకే ఎక్కువగా ఉంది. సరిగ్గా ఆ క్షణంలో నాకు మేడం మాట అర్థమైంది. నేను ఆ అంకెను చూడటం లేదు, ఆ అంకెను కోరుకుంటున్నాను.

"ఇంకా లేదు డాక్టర్ గారూ. నేను వచ్చి చెబుతాను" అన్నాను.

డాక్టరమ్మ ఒక్కసారి నా ముఖం చూసి, సరే, అంతవరకు మేం చూసుకుంటాం, త్వరగా రండి అంది. నేను మెట్లు దిగుతుంటే మేనేజరు చూపు వీపు మీద తెలుస్తూనే ఉంది.

యూసుఫ్ భాయ్ నన్ను ఒంటరిగా చూసి, మేడం రాలేదా అని అడిగాడు. కంటి ఆపరేషన్ సంగతి చెప్పాను. "ఫికర్ జెయ్యకు, అల్లా మంచిగ జేస్తడు" అని, మామూలు ప్రశ్న వేశాడు, ఇయ్యాల ఎవరికి పానం పోసిన్రని. ఆ జవాబు మేడంది. నా నోటికి అది రాలేదు. తెలియదు భాయ్ అన్నాను. ఆయన ఫ్యాను కింది బల్ల మీద పౌనా పెట్టించాడు. నేను తాగాను. ఏం తాగానో తెలియదు. తాగడం మాత్రం పూర్తిచేసి లేచాను.

వచ్చేసరికి వార్మర్ డిస్‌ప్లే మీద అదే అంకె. చెక్కుచెదరలేదు. పక్కనే మా థర్మామీటరు మీద దాదాపు రెండు డిగ్రీలు ఎక్కువ.

మేనేజరు దగ్గరికి వచ్చి రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఈ రెండింట్లో ఏది నిజం అని అడిగాడు. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు. నర్సును అడిగి వార్డు థర్మామీటరు తెప్పించి పెట్టాను. అది మా థర్మామీటరుతోనే ఏకీభవించింది. యంత్రం అబద్ధమాడటం లేదు. తాను సరిగ్గానే ఉన్నానని నిజాయితీగా నమ్ముతోంది. అందుకే అలారం మోగలేదు, మోగేది కూడా కాదు. తెగిన తీగ వెనక ఇంకొక లోపం దాక్కుని ఉంది. పైభాగం విప్పి, హీటరుకు దగ్గరగా ఉన్న సర్క్యూట్ బోర్డును భూతద్దం కింద పెడితే, సెన్సరు వచ్చి కలిసే చోట టంకం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని వలయం కనిపించింది. చల్లగా ఉంటే అతుక్కునే ఉంటుంది. వేడెక్కితే విడివడి, బిడ్డ ఒళ్లు ఉన్నదానికన్నా చల్లగా ఉన్నట్లు యంత్రానికి చెబుతుంది. యంత్రం పాపం ఇంకా వేడి పెంచుతుంది.

పాత టంకం తీసి కొత్తగా పోశాను. మళ్లీ బిగించాను, మళ్లీ సెలైన్ సంచి, మళ్లీ రెండు థర్మామీటర్లు. అంకెలు కలిశాయి. మేనేజరు తలుపు దగ్గర నిలబడి, ఇప్పుడేం చేస్తారని అడిగాడు.

"మళ్లీ టీ" అన్నాను.

"పదండి, నేనూ వస్తాను" అన్నాడు.

దారిలోనే చెప్పాను, అక్కడ యంత్రం మాట ఎత్తకూడదని. చిత్రంగా చూశాడు కానీ పాటించాడు. పౌనా ఒక గుక్క తాగి, ఇదేంటండీ పాయసంలా ఉంది అన్నాడు. తనది తాడేపల్లిగూడెం అని, కూతురు చెవులు కుట్టించుకోనని గుడి మెట్ల మీద కూర్చుని ధర్నా చేసిందని, చివరికి నాన్న చెవి కుట్టించుకుంటే తానూ కుట్టించుకుంటానందని చెప్పాడు. నిజంగానే అతని ఎడమ చెవి తమ్మెకు చిన్న మచ్చ ఉంది. నేను నవ్వాను. నవ్వుతూ రెండో గుక్క తాగాను. చక్కెర ఎక్కువైందనిపించింది.

తిరిగి వెళ్లి, తలుపు దగ్గరే ఒక్క క్షణం ఆగి, అప్పుడు చూశాను. రెండు అంకెలూ ఒక్కటే. సంచి ఎంత వేడెక్కిందో డిస్‌ప్లే అంతే చెబుతోంది. డాక్టరమ్మకు చెప్పాను. నర్సు పరుపు మీద కొత్త దుప్పటి పరిచింది. రెండో పాపను తీసుకొచ్చారు. అరచేతిలో ఇమిడే తల, గట్టిగా మూసిన పిడికిళ్లు. సెన్సరు అతికిస్తుంటే కాలు ఒకసారి తన్ని ఊరుకుంది. వార్డు అద్దం ఇవతలికి వచ్చాను. వెళ్లి గోడవారన బెంచీ మీద కూర్చున్నాను. మేనేజరు వచ్చి మంచినీళ్ల సీసా నా పక్కన పెట్టి వెళ్లాడు.

మర్నాడు ఉదయం బోరబండ వెళ్లాను. మేడం నల్ల కళ్లద్దాలతో మంచం మీద కూర్చుని రేడియో వింటోంది. జరిగినదంతా వరుసగా చెప్పాను, తెగిన తీగ నుంచి టంకం వలయం దాకా. భేష్ అంటుందని ఎదురుచూస్తున్నానని ఒప్పుకోవాలి. మేడం అంతా విని, రేడియో గొంతు తగ్గించింది.

"మొదటి చాయ్ల షక్కర్ సరిపోయిందా?"

"గమనించలేదండీ."

"రెండోదాంట్ల?"

"కొంచెం ఎక్కువైంది."

మేడం ముఖం విప్పారింది. "అయితే పౌనా పాసైనవ్ బిడ్డా" అంది. తర్వాత వంటింటి వైపు తిరిగి, ఈ పిల్లకు చాయ్ పెట్టమని కోడలిని కేకేసింది. టంకం గురించి ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

మేడం రిటైరై సిద్దిపేటలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఎప్పుడైనా ఫోన్ చేస్తే యంత్రాల సంగతి ఎత్తనివ్వదు. హాస్టల్ వదిలి ఏళ్లు గడిచినా, సాంబార్ల పప్పు కనిపిస్తుందా అనే అడుగుతుంది. ఆమె నుంచి నేను నేర్చుకున్న సాంకేతిక విషయాలు చాలావరకు పుస్తకాల్లోనూ దొరుకుతాయి. దొరకనిది ఒక్కటే. పని ముగిసిందని నాకు అనిపించిన క్షణం నుంచి, పని నిజంగా ముగిసే వరకు మధ్యలో కొంత జాగా ఉంటుంది. ఆ జాగాలో కంగారు పడకుండా కూర్చోవడం ఆమె నేర్పింది. యంత్రాలకే కాదు, పంపబోయే ఉత్తరానికీ, కోపంలో తీసుకున్న నిర్ణయానికీ, మా పిల్లాడి మార్కుల మీద అనబోయే మాటకూ నేను ఒక చాయ్ ఇస్తాను. చాలాసార్లు తిరిగి వచ్చి చూస్తే ఉత్తరం వేరేలా కనిపించింది.

కళ్లద్దాలు తేటపడ్డాయి. గోడ మీది గడియారం, దాని కింద గడ్డం పూర్తిగా తెల్లబడిన యూసుఫ్ భాయ్. ఇందాక నేను లోపలికి రాగానే అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు ఇవ్వలేదని కౌంటర్ దగ్గర నుంచి గుర్తు చేస్తున్నాడు. ఎవరికి పానం పోసిన్రు, మేడం?

"ఇంకా పొయ్యలే భాయ్. చాయ్ తాగినంక చెప్త."

తెనాలిలో మా అమ్మ ఈ మాట వింటే ఎవరి పిల్లవే నువ్వు అంటుంది. చివరి గుక్క తాగాను. ఇవాళ చక్కెర ఒక పిసరు తక్కువైంది. ఆ సంగతి భాయ్‌కి చెప్పి, వానలో కొంగు తల మీదికి లాక్కుని, సోమాజిగూడ వైపు నడిచాను. పసిపిల్లల వార్డు పక్కగది తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, అప్పుడు చూశాను. రెండు అంకెలూ ఒక్కటే. మా థర్మామీటరు ఊడదీసి, తుడిచి, నా బ్యాగులో పెట్టుకున్నాను.

"సిస్టర్, ఇక ఇది మీదండీ" అన్నాను.